గర్భిణికి విటమిన్లు, ఖనిజ లవణాలు: ఏది, ఎప్పుడు, దేనితో తీసుకోవాలి

మా చెల్లెలి కూతురు కావలిలో కాపురముంటుంది. తొలిచూలు. ఐదో నెల పరీక్షలో హీమోగ్లోబిన్ 9.2 గ్రాములే ఉందని తెలిసినప్పుడు ఇంటిల్లిపాదీ కంగారు పడ్డారు, ఎందుకంటే ఆ అమ్మాయి ఏ ఒక్క రోజూ మాత్ర మానలేదు, ఖాళీ అట్టలు కూడా దాచిపెట్టి చూపించింది. నేను రెండు రోజులు ఆ ఇంట్లో ఉండి, ఆమె మాత్రలు ఎలా వేసుకుంటున్నదో దగ్గరుండి చూశాను. ఉదయం ఇడ్లీ తిన్న వెంటనే ఎర్రటి ఐరన్ మాత్రను, తెల్లటి కాల్షియం మాత్రను ఒకేసారి అరచేతిలో వేసుకుని మింగేది. పది నిమిషాలు గడవకముందే అత్తగారు ఆప్యాయంగా కలిపి తెచ్చిన చిక్కటి టీ తాగేది. టీలోని టానిన్లు, పాలలోని కాల్షియం, పక్కనే మింగిన కాల్షియం మాత్ర, ఈ మూడూ కలిసి ఇనుమును పేగులోనే అడ్డుకుంటున్నాయి. డాక్టరుగారు ఐరన్ మాత్రను రోజుకు రెండుగా పెంచారు, మేము వేళలు మార్చాము. నెల తరువాత చేయించిన పరీక్షలో 10.3 వచ్చింది.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ అరచేతిలోని రెండు మాత్రలే. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో గర్భిణికి మాత్రలు దొరకడం ఇప్పుడు కష్టం కాదు. ఆశా కార్యకర్త ఇంటికి తెచ్చి ఇస్తుంది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. దొరికిన దానిని ఒంటికి పట్టేలా వాడుకోవడం దగ్గరే చాలామంది తడబడుతున్నారు. అందువల్ల ఇక్కడ ప్రతి విటమిన్ గురించీ సమానంగా చెప్పబోవడం లేదు; ఎక్కడ పొరపాట్లు ఎక్కువగా జరుగుతున్నాయో అక్కడ ఎక్కువసేపు ఆగుతాను. మోతాదులన్నీ సాధారణ గర్భిణులకు ప్రభుత్వ కార్యక్రమంలో నిర్ణయించినవి; మీకు చూస్తున్న డాక్టరు వేరే మోతాదు రాస్తే దానినే పాటించండి.

గర్భం నిలవకముందే మొదలుపెట్టవలసినది

ఫోలిక్ యాసిడ్ విషయంలో మన ఇళ్ళల్లో జరిగే ఆలస్యం నన్ను అన్నింటికన్నా ఎక్కువగా బాధపెడుతుంది. బిడ్డ మెదడు, వెన్నుపాము ఏర్పడే నాళం గర్భం నిలిచిన 28 రోజుల లోపే మూసుకుంటుంది. నెల తప్పిందని గమనించి, మరో పది రోజులు చూసి, పరీక్ష చేయించుకుని, అత్తగారికి చెప్పి, ఆసుపత్రికి వెళ్ళేసరికి ఆ గడువు దాదాపుగా దాటిపోయి ఉంటుంది. ఆ తరువాత ఎన్ని మాత్రలు మింగినా ఆ నాళంలో మిగిలిన లోపాన్ని సరిదిద్దలేము. అందుకే పిల్లలు కావాలనుకున్న దంపతుల్లో భార్య కనీసం నెల ముందు నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టి, మూడో నెల నిండేవరకు కొనసాగించాలి. ఖరీదు చాలా తక్కువ. పెళ్ళయిన కొత్తల్లో కోడలికి చీరలు కొనే అత్తగారు ఈ మాత్రల అట్ట కూడా కొనిపెడితే బాగుంటుందని నేను మనస్ఫూర్తిగా అనుకుంటాను.

గతంలో వెన్నెముక లోపంతో బిడ్డ పుట్టినవారు, మూర్ఛకు మందులు వాడుతున్నవారు, మధుమేహం ఉన్నవారు ఈ 400 మైక్రోగ్రాములతో సరిపెట్టుకోకూడదు. వారికి చాలా ఎక్కువ మోతాదు అవసరం కావచ్చు కాబట్టి గర్భానికి ముందే డాక్టరును కలవాలి. మూర్ఛ మందును మాత్రం భయంతో సొంతంగా ఆపకూడదు.

ఈ విటమిన్ కథలో మన దేశానికీ, మన భాష వారికీ భాగముంది. 1920ల చివరలో లూసీ విల్స్ అనే ఇంగ్లండు డాక్టరు బొంబాయి వచ్చి, అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులలో కనిపించే ఒక రకం రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతున్నదని గుర్తించారు. ఆ సారంలోని అసలు పదార్థం ఫోలిక్ యాసిడ్ అని తరువాత తేలింది. 1940లలో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో దానిని కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించినది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

తోటకూర, పాలకూర, గోంగూర వంటి ఆకుకూరల్లోనూ, పెసలు, శనగలు, కందిపప్పు వంటి పప్పుల్లోనూ ఈ విటమిన్ సహజంగా ఉంటుంది. అయితే ఎక్కువసేపు ఉడికిస్తే తగ్గిపోతుంది, ఉడికించిన నీటిని పారబోస్తే అందులో కరిగినది కూడా పోతుంది. ఆకుకూరను ముందుగా కడిగి తరువాత తరగాలి, తక్కువ నీటితో మూతపెట్టి వండాలి. ఇంత జాగ్రత్త పడినా గర్భధారణకు అవసరమయ్యే మోతాదు ఆహారం ద్వారానే పూర్తిగా అందుతుందని నమ్మకం పెట్టుకోలేము కాబట్టి మాత్ర తప్పదు.

వేవిళ్ళ నెలల్లో

మొదటి మూడు నెలల్లో ఐరన్ మాత్ర సాధారణంగా ఇవ్వరు. వాంతులు, వికారం ఉన్న సమయంలో అది కడుపును మరింత కలవరపెడుతుంది. ఈ రోజుల్లో ఫోలిక్ యాసిడ్ మాత్ర నిలకడగా లోపలికి వెళితే, కొంచెం కొంచెంగా అయినా రోజుకు ఐదారుసార్లు తింటే చాలు. ఏమీ తినలేకపోతున్నదని అమ్మాయిని బలవంతపెట్టవద్దు. ఉదయం వికారంగా ఉంటే మాత్రను రాత్రి పడుకునే ముందు వేసుకోవచ్చు. వికారానికి విటమిన్ బి6 కొందరికి పనిచేస్తుంది, దానిని డాక్టరు రాసిస్తారు. నీళ్ళు కూడా నిలవనంతగా వాంతులు అవుతుంటే, మూత్రం తగ్గిపోతుంటే, బరువు పడిపోతుంటే అవి మామూలు వేవిళ్ళే అనుకుని ఊరుకోకూడదు. విటమిన్ బి1 బాగా తగ్గిపోయి నరాలకు హాని జరిగే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఆసుపత్రిలో చేర్చాలి.

ఇనుము

గర్భిణి ఒంట్లో రక్తం పరిమాణం దాదాపు సగం మేర పెరుగుతుంది. ఆ పెరిగే రక్తానికి, మాయకు, బిడ్డకు, కాన్పులో పోయే రక్తానికి కలిపి మొత్తం గర్భకాలంలో సుమారు 1000 మిల్లీగ్రాముల ఇనుము అదనంగా కావాలి. బిడ్డ తొలి ఆరు నెలలూ వాడుకునే ఇనుము నిల్వ కూడా తల్లి కడుపులోనే సమకూరుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భిణులలో 52 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ఇది ఎవరో ఒకరికి వచ్చే జబ్బు కాదు, మన ఇంట్లోనే ఉండి ఉంటుందని అనుకుని పరీక్ష చేయించుకోవాలి.

గర్భిణికి హీమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనత ఉన్నట్టు. 10 నుంచి 10.9 వరకు స్వల్పం, 7 నుంచి 9.9 వరకు మధ్యస్థం, 7 కన్నా తక్కువైతే తీవ్రం. రక్తహీనత లేనివారు నాలుగో నెల మొదలుకొని రోజుకొక ఐరన్ మాత్ర చొప్పున 180 రోజులు, కాన్పు తరువాత మరో 180 రోజులు వేసుకోవాలి. ఒక్కొక్క మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. స్వల్ప, మధ్యస్థ రక్తహీనత ఉన్నవారికి రోజుకు రెండు మాత్రలు ఇస్తారు, నెలనెలా పరీక్ష చేస్తారు. నెల రోజులు సక్రమంగా వాడినా ఒక గ్రాము కూడా పెరగకపోతే, మాత్ర ఇంకొంచెం కాలం వాడి చూద్దామని వాయిదా వేయకుండా పెద్దాసుపత్రిలో కారణం వెతకాలి. విటమిన్ బి12 లోపం కావచ్చు, తలసీమియా అనే వంశపారంపర్య రక్త లోపానికి వాహకురాలు కావచ్చు, నులిపురుగులు కావచ్చు. నెలలు నిండుతున్నప్పుడు రక్తం బాగా తక్కువగా ఉంటే నరం ద్వారా ఇనుము ఎక్కిస్తారు; 7 కన్నా తక్కువైతే ఆసుపత్రిలో ఉండి చికిత్స తీసుకోవలసిందే.

నులిపురుగుల సంగతి మన పొలాల ఊళ్ళల్లో ప్రత్యేకంగా చెప్పాలి. చెప్పులు లేకుండా తడి మట్టిలో తిరిగేవారి పాదాల చర్మం గుండా కొంకిపురుగు లోపలికి చేరి, పేగు గోడను పట్టుకుని రక్తం పీలుస్తుంది. వరినాట్లకు, కలుపులకు వెళ్ళే అమ్మాయి ఎంత మంచి తిండి తిన్నా రక్తం పట్టకపోవడానికి ఇది ఒక కారణం. నాలుగో నెల నుంచి ఆరో నెల లోపు ఒక్కసారి 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్రను ఆరోగ్య కేంద్రంలో ఇస్తారు, దానిని నమిలి మింగాలి. మొదటి మూడు నెలల్లో మాత్రం ఆ మాత్ర వేసుకోకూడదు.

ఐరన్ మాత్రను ఖాళీ కడుపున, లేదా భోజనం చేసిన రెండు గంటల తరువాత వేసుకుంటే ఎక్కువగా ఒంటికి పడుతుంది. దానితో పాటు అర నిమ్మకాయ పిండిన నీళ్ళు తాగితే అందులోని విటమిన్ సి ఇనుము గ్రహణాన్ని పెంచుతుంది. గూడూరు, పొదలకూరు నిమ్మ మార్కెట్లు మన పక్కనే ఉండగా దీనికి వెతుక్కోవలసిన పని లేదు. నిమ్మ పడనివారు ఒక జామకాయ, లేదా ఒక ఉసిరికాయ తినవచ్చు. మాత్రకు ముందు గంట, వెనుక గంట టీ, కాఫీ, పాలు, మజ్జిగ తాగకూడదు. వికారం మరీ ఎక్కువగా ఉంటే ఖాళీ కడుపున అన్న నియమాన్ని పక్కనపెట్టి, రాత్రి కొంచెం తిన్న తరువాత వేసుకోండి. పట్టేది కాస్త తగ్గుతుంది, కానీ పూర్తిగా మానివేయడం కన్నా అది ఎంతో మేలు.

మలం నల్లగా వస్తున్నదని భయపడి మాత్రలు మానేసినవారిని నేను చాలామందిని చూశాను. ఒంటికి పట్టని ఇనుము బయటకు పోతున్నప్పుడు ఆ రంగు వస్తుంది, అందులో ప్రమాదమేమీ లేదు. మలబద్ధకం వస్తే నీళ్ళు, ఆకుకూర, పండు పెంచాలి, అప్పటికీ తగ్గకపోతే డాక్టరును అడిగితే వేరే రకం ఐరన్ ఇస్తారు. మాత్ర వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందనీ, లావై కాన్పు కష్టమవుతుందనీ పెద్దవాళ్ళు చెప్పే మాటలకు ఆధారం లేదు. బిడ్డ రంగు తల్లిదండ్రుల నుంచి వస్తుంది, మాత్ర రంగు నుంచి రాదు.

ఇంకొక గుర్తు చెబుతాను. ఒకసారి పొదిలి దగ్గర ఒక ఇంట్లో ఏడో నెల గర్భిణి బియ్యం ఏరుతూ, చేటలోంచి చిటికెడు చిటికెడుగా పచ్చి బియ్యాన్ని నోట్లో వేసుకుంటూ కనిపించింది. అది ఆకలితో కాదు, అలవాటుగా, నాలుగు నెలలుగా చేస్తున్నదట. కింది కనురెప్పను వేలితో కొంచెం లాగి చూస్తే లోపల ఎర్రదనమే లేదు, కాగితంలా తెల్లగా ఉంది. పచ్చి బియ్యం, మట్టి, సుద్ద, గోడ సున్నం తినాలనిపించడం చాలాసార్లు ఇనుము తక్కువైనందుకే వస్తుంది. ఇంట్లోవాళ్ళు దానిని చూలింత కోరికగా తీసుకుని నవ్వి ఊరుకుంటారు, అమ్మాయి సిగ్గుతో దాచుకుంటుంది. అలా కనిపిస్తే మందలించకుండా ఆ వారమే రక్త పరీక్ష చేయించండి.

ఆహారం విషయానికి వస్తే, బీట్‌రూట్ రసం ఎర్రగా ఉంటుంది కాబట్టి రక్తం పడుతుందని అనుకోవడం సరికాదు. దానిలో ఇనుము తక్కువే. బెల్లం, ఖర్జూరం కొంత సాయపడతాయి తప్ప తగ్గిన రక్తాన్ని అవి పైకి తేలేవు. మాంసం, చేప, గుడ్డు తినేవారికి వాటిలో చేప, మాంసం రెండు విధాల మేలు చేస్తాయి: వాటిలోని ఇనుము సులభంగా పడుతుంది, అదే భోజనంలోని ధాన్యం, పప్పు, ఆకుకూరల్లోని ఇనుమును కూడా ఎక్కువగా పట్టేలా చేస్తాయి. రాగి సంగటిలోకి చేపల పులుసు వేసుకునే మన నెల్లూరు వైపు అలవాటు ఈ లెక్కన చాలా మంచిది. శాకాహారులు సజ్జలు, ఉలవలు, శనగలు, తోటకూర, మునగాకు వండుకుని, తినేముందు నిమ్మకాయ పిండుకోవాలి. పెసలను, రాగులను నానబెట్టి మొలకెత్తిస్తే ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్లు తగ్గుతాయి. కూరలను, ముఖ్యంగా పులుపు వేసిన వాటిని, ఇనుప మూకుడులో వండితే కొంత ఇనుము కూరలోకి దిగుతుంది.

రేషను బియ్యంలో అక్కడక్కడ కొంచెం పసుపుగా, తేలికగా కనిపించే గింజలను ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేస్తున్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అవి ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి బియ్యప్పిండితో తయారుచేసిన గింజలు. ప్రతి వంద గింజలకు ఒకటి చొప్పున కలిపినవి. వాటిని ఏరవద్దు, బియ్యాన్ని పదేపదే గట్టిగా కడగవద్దు, గంజి వార్చే బదులు నీరు ఇంకేలా వండండి.

కాల్షియం, విటమిన్ డి, మెట్ట ప్రాంతపు నీళ్ళు

గర్భిణికి రోజుకు 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. ఆహారంలో కాల్షియం తక్కువగా ఉండే స్త్రీలకు మాత్రల రూపంలో ఇస్తే రక్తపోటు పెరిగి గుర్రపువాతానికి దారితీసే ప్రమాదం తగ్గుతుందని తేలింది. అందుకే నాలుగో నెల నుంచి కాన్పయ్యాక ఆరు నెలల వరకు రోజుకు రెండుసార్లు కాల్షియం మాత్ర ఇస్తారు. ఒక్కొక్క దానిలో 500 మిల్లీగ్రాముల కాల్షియం, 250 యూనిట్ల విటమిన్ డి3 ఉంటాయి. శరీరం ఒక్కసారికి 500 మిల్లీగ్రాములకు మించి సరిగా గ్రహించలేదు కాబట్టి రెండు మాత్రలూ కలిపి వేసుకుంటే ప్రయోజనం తగ్గుతుంది. కాల్షియం మాత్రను భోజనంతో, లేదా భోజనం ముగిసిన వెంటనే వేసుకోవాలి. ఐరన్ మాత్రకు దీనికి కనీసం రెండు గంటల ఎడం ఉండాలి.

వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అంటే యాభై గ్రాముల పిండితో చేసిన సంగటి ముద్ద తింటే సుమారు 170, ఒక పెద్ద గ్లాసు పాలు తాగితే సుమారు 240 మిల్లీగ్రాములు వస్తాయి. అంగన్‌వాడీలో ఇచ్చే రాగి పిండిని ఇంట్లో పిల్లలకు పంచేసి గర్భిణి వట్టి అన్నం తినడం సరికాదు, అది ఆమె వాటా. ముల్లుతో సహా తినగలిగే చిన్న చేపలు, నెత్తళ్ళు, చాలా మంచివి. ఎండు నెత్తళ్ళలో ఉప్పు ఎక్కువ కాబట్టి వేడినీళ్ళలో రెండుసార్లు కడిగి వాడాలి, రక్తపోటు ఉన్నవారు వాటిని మానాలి. నువ్వులు వేడి చేసి గర్భం దిగిపోతుందని మన వైపు గట్టిగా నమ్ముతారు. కూరలో, పచ్చడిలో వాడే ఒకటి రెండు చెంచాల నువ్వుల పొడి వల్ల అలా జరుగుతుందనడానికి ఆధారం లేదు.

కనిగిరి, పొదిలి, దర్శి, మార్కాపురం వైపు, ఉదయగిరి మెట్టలోనూ, బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న ఊళ్ళు చాలా ఉన్నాయి. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీరు లేనిచోట 1.5 వరకు అనుమతిస్తారు. ఒంట్లో కాల్షియం తక్కువగా ఉన్నప్పుడు ఫ్లోరైడ్ ఎముకలను మరింతగా దెబ్బతీస్తుంది. పేగుల లోపలి పొరకు కూడా హాని చేస్తుంది కాబట్టి పోషకాలు ఒంటికి పట్టడం తగ్గుతుంది. నీళ్ళు కాచి తాగితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు, పైగా నీరు ఆవిరై మిగిలినదానిలో దాని గాఢత పెరుగుతుంది. ఆ ప్రాంతపు గర్భిణికి తాగడానికీ వంటకూ రెండింటికీ పైపులైను ద్వారా వచ్చే నది నీరో, ఆర్‌వో యంత్రంలో శుద్ధి చేసిన నీరో వాడాలి. తాగడానికి మాత్రం క్యాన్ నీళ్ళు తెచ్చుకుని, పప్పూ అన్నమూ బోరు నీళ్ళతో వండితే సగం ఫలితమే ఉంటుంది. మాత్రలు వాడినా నడుము, మోకాళ్ళు పట్టేస్తున్న గర్భిణి ఉంటే మొదట ఆ ఇంటి నీటిని పరీక్ష చేయించమని నేను చెబుతాను.

ఇంత ఎండ ఉన్న జిల్లాలో విటమిన్ డి ఎందుకు తగ్గుతుందని అడుగుతారు. ఎండ బయట ఉంటుంది, గర్భిణి ఇంట్లో ఉంటుంది. కిటికీ అద్దం గుండా వచ్చే వెలుతురు పనికిరాదు. నడి వేసవిలో కాకుండా మిగిలిన కాలంలో, ఉదయం పదకొండుకూ మధ్యాహ్నం రెండుకూ మధ్య, చేతులు, పాదాలు, మెడ వెనుక భాగం తగిలేలా పావుగంట డాబా మీదో వాకిట్లోనో కూర్చోవడం మంచిది. రక్తపరీక్షలో బాగా తక్కువని తేలితే డాక్టరు వేరే మోతాదు రాస్తారు. వారానికొకటి వాడే 60,000 యూనిట్ల పొట్లాలను మందుల షాపులో సొంతంగా కొనుక్కుని వాడకూడదు.

రోజులో ఏ మాత్ర ఎప్పుడు

సాధారణంగా ఉన్న గర్భిణి ఉదయం టిఫిను తినగానే మొదటి కాల్షియం మాత్ర వేసుకోవచ్చు. పదకొండు గంటల ప్రాంతంలో, టీ కాఫీల జోలికి వెళ్ళకుండా, నిమ్మకాయ నీళ్ళతో ఐరన్ మాత్ర వేసుకోవాలి. ఒంటిగంటకు భోజనం. రాత్రి భోజనం కాగానే రెండో కాల్షియం మాత్ర. ఐరన్ రోజుకు రెండు రాసి ఉంటే, రెండోదానిని సాయంత్రం ఐదు గంటలకు వేసుకుని, టీ అలవాటున్నవారు దానిని ఆరు దాటాక తాగాలి.

థైరాయిడ్ మాత్ర వాడేవారికి ఈ పట్టిక సరిపోదు, ఇక్కడే చాలామంది నష్టపోతున్నారు. ఐరన్, కాల్షియం రెండూ థైరాయిడ్ మందును ఒంటికి పట్టనివ్వవు కాబట్టి వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. వారు ఉదయం ఆరు గంటలకు ఖాళీ కడుపున మంచినీళ్ళతో థైరాయిడ్ మాత్ర వేసుకుని, టిఫిను తరువాత ఏ మాత్రా వేసుకోకుండా, మధ్యాహ్న భోజనం కాగానే మొదటి కాల్షియం, సాయంత్రం ఐదుకు నిమ్మకాయ నీళ్ళతో ఐరన్, రాత్రి భోజనం కాగానే రెండో కాల్షియం వేసుకోవాలి. ఈ వేళలను ఒక కాగితం మీద రాసి వంటింట్లో గోడకు అంటించండి. ఇంట్లో అందరికీ కనిపిస్తే, మాత్ర వేళకు టీ ఇచ్చే అత్తగారికి కూడా తెలుస్తుంది.

మిగిలినవి క్లుప్తంగా

అయొడిన్ తక్కువైతే బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. మన తీరం వెంట ఉప్పు మడులు ఉన్నందువల్ల, ఇళ్ళల్లో చవకగా దొరికే రాళ్ళ ఉప్పును వంటకు వాడే అలవాటు ఉంది. సముద్రపు ఉప్పు కాబట్టి అందులో అయొడిన్ ఉంటుందనుకోవడం పొరపాటు, కలపకపోతే ఉండదనే చెప్పాలి. ఊరగాయకు రాళ్ళ ఉప్పు వాడుకోండి, రోజువారీ వంటకు మాత్రం అయొడిన్ కలిపిన ఉప్పును మూత ఉన్న డబ్బాలో, పొయ్యికి దూరంగా ఉంచి వాడండి. అయొడిన్ కోసమని ఉప్పు ఎక్కువ వేయవలసిన పని లేదు.

బి12 పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే ఉంటుంది. ఆకుకూరలూ పప్పులూ ఎన్ని తిన్నా రాదు. శాకాహారులు, పాలు కూడా పెద్దగా తాగనివారు, దీని గురించి డాక్టరును తప్పక అడగాలి, ఎందుకంటే ఫోలిక్ యాసిడ్ మాత్రలు రక్తహీనతను సరిచేసినట్టు కనిపించినా నరాలకు బి12 లోపం వల్ల జరిగే హాని లోలోపల సాగుతూనే ఉంటుంది.

విటమిన్ ఎ తక్కువైనా, ఎక్కువైనా చెరుపు చేస్తుంది. మునగాకు, గుమ్మడికాయ, క్యారెట్, బాగా పండిన మామిడి నుంచి వచ్చేదానితో భయం లేదు. కానీ మాత్రల రూపంలోని విటమిన్ ఎ (రెటినాల్) రోజుకు 10,000 యూనిట్లు దాటితే బిడ్డకు అవయవ లోపాలు రావచ్చు. రక్తం పడుతుందని వారంలో మూడు నాలుగు రోజులు కార్జం వండిపెట్టే ఇళ్ళల్లో ఈ సంగతి తెలుసుకోవాలి. కార్జంలో విటమిన్ ఎ చాలా ఎక్కువ, మొదటి నెలల్లో దానికి దూరంగా ఉండటమే మంచిది. డాక్టరు రాసిన మాత్రలకు తోడు బంధువులు తెచ్చిన మల్టీవిటమిన్, డబ్బా పొడి కూడా వాడితే అదే విటమిన్ రెండు మూడు చోట్ల నుంచి చేరుతుంది. అన్ని అట్టలూ, డబ్బాలూ సంచిలో వేసుకుని వెళ్ళి డాక్టరుకు చూపించండి.

చేపల్లో సొర వంటి పెద్ద చేపల్లో పాదరసం ఎక్కువగా చేరుతుంది కాబట్టి గర్భిణి, పాలిచ్చే తల్లి వాటిని తినకపోవడం మంచిది. సొరపుట్టు తింటే పాలు పడతాయని బాలింతకు పెట్టే అలవాటు మన తీరంలో ఉంది. దాని బదులు చిన్న చేపల పులుసు పెట్టవచ్చు. గర్భంతో మధుమేహం వచ్చినవారు అంగన్‌వాడీ కిట్టులోని బెల్లం, చిక్కీ, ఖర్జూరం పక్కనపెట్టి రాగిపిండి, గుడ్లు, పాలు వాడుకోవాలి, రాగి జావ కన్నా సంగటి మేలు.

పుట్టింటికి వెళ్ళేటప్పుడు

ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో చలిమిడి పెట్టి అమ్మాయిని పుట్టింటికి తీసుకువెళ్ళే రోజున చీరలు, పసుపు కుంకుమలు, స్వీట్లు అన్నీ సర్దుతారు. మాత్రలు అత్తవారింటి అలమరలో ఉండిపోతాయి. కొత్త ఊరి ఆశా కార్యకర్తకు ఈ అమ్మాయి వచ్చినట్టు తెలిసేసరికి రెండు మూడు వారాలు గడుస్తాయి, సరిగ్గా బిడ్డ ఇనుమును ఎక్కువగా తీసుకునే వారాలు అవి. కనీసం నెలకు సరిపడా మాత్రలు, మాతా శిశు సంరక్షణ కార్డు, పాత రక్తపరీక్ష కాగితాలు చేతిసంచిలోనే పెట్టండి. వెళ్ళిన రెండు రోజుల్లో అక్కడి ఏఎన్‌ఎమ్‌కు కార్డు చూపించండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులను డాక్టరు ఉచితంగా చూస్తారు. ఊరు మారినా ఆ తేదీ మారదు.

కాన్పు కాగానే మాత్రల పని అయిపోయిందని అనుకునేవారు చాలా ఎక్కువ. ఐరన్ 180 రోజులు, కాల్షియం ఆరు నెలలు ఇంకా ఉన్నాయి. ఆ సమయంలోనే పథ్యం పేరిట ఆకుకూర, పండు, పెరుగు మాన్పించి, నీళ్ళు కూడా కొలిచి ఇచ్చి, కారప్పొడి అన్నం మాత్రమే పెట్టే ఇళ్ళు ఉన్నాయి. రక్తం పోయిన తల్లికి, రోజుకు ఏడెనిమిదిసార్లు పాలిచ్చే తల్లికి ఆ పథ్యం చాలా హాని చేస్తుంది. వెల్లుల్లి కారం, మిరియాల చారు పెట్టడంలో తప్పు లేదు. వాటితో పాటు ఉడికించిన ఆకుకూర, పప్పు, గుడ్డు, చేప, పాలు, అడిగినన్ని మంచినీళ్ళు పెట్టండి. బిడ్డకు ఉగ్గు, పాలు, లాల అంటూ ఇల్లంతా తిరుగుతున్న ఆ రోజుల్లో బాలింతకు మాత్ర గుర్తుండదు కాబట్టి, ఆ గోడ మీది కాగితాన్ని పుట్టింట్లోనూ అంటించి, వేళకు నిమ్మకాయ నీళ్ళ గ్లాసుతో పాటు ఐరన్ మాత్రను చేతికిచ్చే పనిని ఇంట్లో ఒకరు తీసుకోవాలి.